బ్యాటరీ మార్చిన తరువాత ఇంజిన్ ఐడిల్ తప్పడం: కారణాలు, పరీక్షించే క్రమం

కొత్త బ్యాటరీ బిగించిన కారు తాళం తిప్పగానే చురుగ్గా స్టార్ట్ అవుతుంది. అంతవరకు సమస్య ఏమీ కనిపించదు. కొంత దూరం వెళ్లి, యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసిన మరుక్షణం ఆర్‌పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) చూపే ముల్లు కిందికి జారిపోయి, ఇంజిన్ ఒకసారి వణికి, సిగ్నల్ దగ్గర ఆగిపోతుంది. కొన్ని కార్లలో ఇందుకు భిన్నంగా ముల్లు 1500 దగ్గర నిలిచిపోయి దిగనంటుంది. మరికొన్నింటిలో 600కూ 1200కూ మధ్య అదే పనిగా ఊగుతూ ఉంటుంది. నిన్నటిదాకా లేని ఇబ్బంది నేడు వచ్చింది గనుక, ఈ మధ్యలో మారిన వస్తువు బ్యాటరీ ఒక్కటే గనుక, అనుమానం నేరుగా దాని మీదికే పోతుంది. బ్యాటరీ అమ్మినవారితో వాదించి దాన్ని మార్పించుకున్నా, రెండో బ్యాటరీతోనూ అదే తంతు కొనసాగినప్పుడు గానీ ఆ అనుమానం సడలదు.

మంచి స్థితిలో ఉన్న ఇంజిన్ ఒకసారి అందుకున్నాక, ఐడిల్‌ను, అంటే యాక్సిలరేటర్ నొక్కకుండా వదిలినప్పటి నెమ్మది పరుగును, నిలబెట్టే పనిలో బ్యాటరీ పాత్ర చాలా తక్కువ. ఆ సమయంలో కారులోని విద్యుత్ అవసరాలను తీరుస్తూ ఉండేది ఆల్టర్నేటర్, అంటే ఇంజిన్‌తోపాటు తిరుగుతూ కరెంటు పుట్టించే యంత్రం. బ్యాటరీ మార్పిడిలో జరిగే అసలు మార్పు మరొకటి ఉంది. పాతది తీసి కొత్తది బిగించే ఆ కాసేపూ, ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్‌కు, అంటే ఈసీయూకు, కరెంటు అందదు. ఆ ఇంజిన్ అరుగుదలను, మురికిని, చిన్నచిన్న లోపాలను గమనిస్తూ ఏళ్ల తరబడి అది చేసుకున్న సర్దుబాట్లు అనేక కార్లలో ఆ కాసేపట్లోనే చెరిగిపోతాయి. అందువల్ల బ్యాటరీ మార్చాక బయటపడే ఐడిల్ సమస్యల్లో చాలావరకు పాతవే. ఇన్నాళ్లూ వాటిని కప్పి ఉంచిన సర్దుబాటు తొలగిపోవడం ఒక్కటే కొత్త విషయం. మరమ్మతు ఏ దిశలో సాగాలన్నది ఈ తేడా మీదే ఆధారపడి ఉంటుంది.

ఐడిల్‌ను నిలబెట్టేది ఏది

ఐడిల్‌లో ఉన్న ఇంజిన్ కారును లాగదు. తన సొంత ఘర్షణను, ఆయిల్ పంపును, వాటర్ పంపును, ఆల్టర్నేటర్‌ను తిప్పుకోవడానికి సరిపడా శక్తిని మాత్రమే పుట్టిస్తుంది. వేడెక్కిన పెట్రోల్ ఇంజిన్‌కు ఇది సాధారణంగా 600 నుంచి 900 ఆర్‌పీఎం మధ్య ఉంటుంది. చల్లగా ఉన్నప్పుడు 1200 దాటినా అది లోపం కాదు. ఇంత తక్కువ వేగానికి కావలసిన గాలి కూడా అతి తక్కువే కాబట్టి, ఇంజిన్‌లోకి గాలిని వదిలే థ్రాటిల్ బాడీలోని పలక దాదాపు మూసుకునే ఉంటుంది, దాని అంచు చుట్టూ ఉండే సన్నటి సందు గుండానే గాలి లోపలికి వెళుతుంది. కేబుల్‌తో పనిచేసే పాత తరహా థ్రాటిల్‌లో ఈ పలకను తప్పించుకుపోయే చిన్న పక్కదారి ఒకటి ఉండి, ఐడిల్ ఎయిర్ కంట్రోల్ వాల్వ్ ఆ దారిని అవసరం మేరకు తెరుస్తూ మూస్తూ ఉంటుంది. ఎలక్ట్రానిక్ థ్రాటిల్ ఉన్న కార్లలో పక్కదారి ఉండదు. మోటారే పలకను కొద్ది డిగ్రీలు తెరిచి పట్టుకుంటుంది.

ఐడిల్‌ను అదుపులో ఉంచడానికి ఈసీయూకు రెండు సాధనాలు ఉంటాయి. మొదటిది గాలి: పలకను గానీ వాల్వును గానీ కదిపి గాలి పరిమాణాన్ని మార్చడం. ఈ మార్పు మానిఫోల్డ్ (సిలిండర్లకు గాలిని పంచే గొట్టాలు) నిండి సిలిండర్‌కు చేరేసరికి కొంత ఆలస్యమవుతుంది. రెండవది స్పార్క్ సమయం: దాన్ని కాస్త ముందుకో వెనక్కో జరిపితే తరువాతి స్ట్రోక్‌లోనే ఫలితం కనిపిస్తుంది, అయితే దానితో సర్దగలిగే మేర తక్కువ. గాలి సుమారుగా సరైన పరిమాణంలో ముందే ఉంటేనే స్పార్క్‌తో చేసే చిన్న సవరణ ఐడిల్‌ను నిలకడగా ఉంచగలదు. గాలి అంచనాయే తప్పితే ఆ సవరణ చాలదు. నేర్చుకున్న సర్దుబాటు ఇంత ముఖ్యం కావడానికి కారణం ఇదే.

థ్రాటిల్ పలక అంచున కాలక్రమంలో నల్లటి జిగురు పేరుకుంటుంది. క్రాంక్‌కేస్ (ఇంజిన్ అడుగు గది) నుంచి తిరిగి ఇన్‌టేక్‌లోకి, అంటే గాలి లోపలికి వెళ్లే దారిలోకి, వచ్చే ఆయిల్ ఆవిరి దానికి ప్రధాన కారణం. రోడ్డు మీద వేగంగా వెళ్లేటప్పుడు పలక బాగా తెరుచుకుని ఉంటుంది కాబట్టి ఈ పొర వల్ల తేడా తెలియదు. ఐడిల్‌లో మాత్రం గాలి పోయే సందే వెంట్రుకవాసి కావడం వల్ల, గోటితో గీరితే వచ్చేంత పొర కూడా ఆ దారిని గణనీయంగా తగ్గిస్తుంది. హైవే మీద ఏ ఇబ్బందీ లేకుండా పరుగెత్తే కారు సిగ్నల్ దగ్గర మాత్రమే ఆగిపోవడం వెనుక ఉన్న రహస్యం ఇదే.

ఈ పొర ఒక్కరోజులో పడేది కాదు. అందుకే ఈసీయూ దాన్ని నిశ్శబ్దంగా ఎదుర్కొంటూ వస్తుంది. ఐడిల్ ఆర్‌పీఎం ఉండవలసినదాని కంటే తగ్గిన ప్రతిసారీ పలకను రవ్వంత ఎక్కువ తెరిచి, ఆ విలువను జ్ఞాపకంలో దాచుకుంటుంది. మూడు నాలుగేళ్లలో ఆ రవ్వలన్నీ కలిసి పెద్ద మొత్తమే అవుతాయి, కానీ నడిపేవారికి తేడా తెలియదు. బ్యాటరీ తీసినప్పుడు ఆ విలువ చెరిగిపోతే, ఈసీయూ శుభ్రమైన కొత్త థ్రాటిల్‌కు ఫ్యాక్టరీలో లెక్కకట్టి ఇచ్చిన ప్రాథమిక విలువకు తిరిగి వెళుతుంది. మురికిపట్టిన థ్రాటిల్‌కు ఆ విలువ ప్రకారం అందే గాలి చాలదు. ఆర్‌పీఎం పడిపోతున్నట్టు గమనించి ఈసీయూ సవరణ మొదలుపెట్టేలోపే, ముఖ్యంగా వేగం నుంచి ఒక్కసారిగా కాలు తీసినప్పుడు, ఇంజిన్ ఆగిపోతుంది.

గాలికి సంబంధించినది ఒకటైతే, ఇంధనానికి సంబంధించిన సర్దుబాటు మరొకటి. పెట్రోల్ ఇంజిన్‌లో 14.7 పాళ్ల గాలికి ఒక పాలు ఇంధనం అనే బరువుల నిష్పత్తిని ఆదర్శంగా తీసుకుని ఈసీయూ ఇంధనాన్ని చిమ్మే ఇంజెక్టర్లను తెరుస్తుంది. ఆ తరువాత పొగలో మిగిలిన ఆక్సిజన్‌ను కొలిచే ఆక్సిజన్ సెన్సర్ చెప్పినదాన్ని బట్టి ఇంధనాన్ని శాతాల్లో పెంచుతూ తగ్గిస్తూ పోతుంది. దీన్నే ఫ్యూయల్ ట్రిమ్ అంటారు. అప్పటికప్పుడు చేసే సవరణ షార్ట్ టర్మ్ ట్రిమ్, దీర్ఘకాలంలో స్థిరపడి జ్ఞాపకంలో నిలిచేది లాంగ్ టర్మ్ ట్రిమ్. ఇంజెక్టర్లు కొంత మూసుకుపోయి ఉన్నా, ఎక్కడో ఒక రబ్బరు గొట్టం నుంచి కొద్దిగా గాలి దూరుతున్నా, ఈసీయూ 12 శాతం అదనపు ఇంధనంతో ఆ లోటు పూడుస్తూ ఉండవచ్చు. జ్ఞాపకం చెరిగితే ఆ 12 సున్నా అవుతుంది. పైగా ఆక్సిజన్ సెన్సర్ సుమారు 300 డిగ్రీల సెల్సియస్‌కు పైగా వేడెక్కితే తప్ప సరిగ్గా పనిచేయదు గనుక, చల్లటి స్టార్ట్ తరువాత కొంతసేపు ఈసీయూ ఆ కొత్త సున్నా ఆధారంగానే గుడ్డిగా నడుస్తుంది. బ్యాటరీ మార్చిన మర్నాడు ఉదయం ఇంజిన్ మిస్సింగ్‌తో (సిలిండర్లలో ఇంధనం సరిగ్గా మండక) కొట్టుకుని, వేడెక్కాక సర్దుకోవడం ఈ కారణంగా జరిగేదే.

ఆర్‌పీఎం ఊగిసలాటకు కూడా ఒక లెక్క ఉంది. ఏదో ఒక మార్గంలో అదనపు గాలి దూరి వేగం పెరిగినప్పుడు, యాక్సిలరేటర్ మీద కాలు లేదు గనుక, ఇది వాలు దిగుతున్న కారు అని భావించి ఈసీయూ ఇంధనాన్ని ఆపేస్తుంది. వేగం పడిపోగానే మళ్లీ ఇస్తుంది. మళ్లీ పెరుగుతుంది, మళ్లీ ఆపుతుంది. ముల్లు ఒకే లయలో పైకీ కిందికీ ఊగుతోందంటే లెక్కలోకి రాని గాలి ఉందని ముందుగా అనుమానించడం మంచిది. ఐడిల్ తగ్గిపోవడం కంటే పెరిగిపోవడాన్ని ఎక్కువ జాగ్రత్తగా చూడవలసిందీ ఇందుకే: చెరిగిన జ్ఞాపకం మురికి థ్రాటిల్ మీద ఐడిల్‌ను కిందికి లాగుతుందే గానీ, పైకి నెట్టాలంటే గాలి ఎక్కడి నుంచో రావలసిందే, లేదా పలక మూసుకున్న స్థానం ఎక్కడో ఈసీయూకు తెలియకుండా పోయి ఉండవలసిందే.

ఈసీయూ లేకుండా కార్బ్యురేటర్‌తోనే గాలినీ పెట్రోలునూ కలిపే పాత కార్లకు ఈ చర్చ దాదాపు వర్తించదు. వాటికి జ్ఞాపకమే లేదు కాబట్టి చెరిగేదీ లేదు. ఐడిల్ జెట్‌ను తెరిచి ఉంచే చిన్న విద్యుత్ సొలినాయిడ్ వైరు ఊడిపోతే మాత్రం వాటిలోనూ ఇంజిన్ ఐడిల్‌లో నిలవదు. మరోవైపు, కొత్త తరం కార్లలో ముఖ్యమైన విలువలు కరెంటు లేకపోయినా చెరగని మెమరీలో నిలిచి ఉంటాయి, కొన్నింటిలో బ్యాటరీ మార్చినా ఏ తేడా తెలియదు. డీజిల్ ఇంజిన్లలో ఐడిల్‌ను ప్రధానంగా ఇంధన పరిమాణమే నిర్ణయిస్తుంది గనుక థ్రాటిల్ మురికి కథ వాటిలో అంతగా కనిపించదు. ఈ సమస్య ఎక్కువగా పీడించేది కార్బ్యురేటర్ కార్లకూ కొత్త తరం కార్లకూ మధ్య ఉన్న పెట్రోల్ ఇంజెక్షన్ కార్లను.

చేయి తగిలిన చోట్లు

అయితే ప్రతి కేసునూ చెరిగిన జ్ఞాపకం ఖాతాలో వేసి, కొన్నాళ్లు నడిపితే అదే సర్దుకుంటుందని చెప్పి పంపడం కూడా పొరపాటే. బ్యాటరీ మార్చేటప్పుడు మనిషి చేతులు ఇంజిన్ గదిలోకి వెళతాయి. చాలా కార్లలో బ్యాటరీకి ఆనుకునే ఎయిర్ ఫిల్టర్ పెట్టె ఉంటుంది. చోటు చాలక ఆ పెట్టెను కదిపినా, ఇన్‌టేక్ గొట్టాన్ని వదులు చేసినా, గాలిని కొలిచే మాస్ ఎయిర్‌ఫ్లో సెన్సర్ కనెక్టర్‌ను ఊడదీసినా, తిరిగి బిగించేటప్పుడు ఏదో ఒకటి సగంలో ఆగిపోవడం అరుదేమీ కాదు. సెన్సర్‌కూ థ్రాటిల్‌కూ మధ్య గొట్టం క్లిప్పు సరిగ్గా కూర్చోకపోతే, కొలతకు అందని గాలి ఆ సందులోంచి దూరి మిశ్రమం పలచబడుతుంది. ఏళ్లుగా వేడికి గట్టిపడిన సన్నటి వాక్యూమ్ గొట్టం పక్కకు నెట్టిన చోటే చిట్లుతుంది. ఈ లోపాలకు నేర్పడమూ నేర్చుకోవడమూ మందు కాదు. ఎన్ని వందల కిలోమీటర్లు నడిపినా అవి అలాగే ఉంటాయి.

టెర్మినళ్ల సంగతి ఇంకా సాధారణం. చేత్తో పట్టుకుని తిప్పితే కదిలే క్లాంపు (టెర్మినల్‌ను పట్టి ఉంచే బిగింపు) స్టార్టర్‌ను తిప్పగలదు, కానీ కుదుపుల్లో క్షణకాలం విడిపోతూ ఈసీయూను మళ్లీ మళ్లీ రీసెట్ చేయగలదు. అటువంటి కారు ప్రతిరోజూ ‘బ్యాటరీ ఈరోజే మార్చినట్టు’ ప్రవర్తిస్తుంది. పాత క్లాంపు లోపలి వైపు తెల్లగా, పచ్చగా పూత ఉంటే దాన్ని బ్రష్‌తో గీరి, లోహం మెరిసేలా చేసి బిగించాలి. నెగెటివ్ కేబుల్ మరో చివర బాడీకి, ఇంజిన్‌కు కలిసే ఎర్త్ బోల్టులు కూడా చూడవలసినవే. ఎర్త్ బాగా లేకపోతే సెన్సర్ల సంకేతాలే తప్పుడు విలువలు చూపుతాయి, వాటిని నమ్మి ఈసీయూ తీసుకునే నిర్ణయాలూ తప్పుతాయి.

తొందరలో పాజిటివ్, నెగెటివ్ తారుమారై ఒక్క క్షణం నిప్పురవ్వ వచ్చి ఉంటే విషయం గంభీరమే. ఫ్యూజులు కాలడంతో సరిపోవచ్చు, లేదా ఆల్టర్నేటర్‌లోని డయోడ్లు దెబ్బతిని ఉండవచ్చు. ఆ సంగతి పని చేసినవారు తమంతట తాముగా చెప్పకపోవచ్చు, అడిగి తెలుసుకోవలసిందే.

ఇక కాకి వాలడమూ తాటిపండు రాలడమూ ఒకేసారి జరిగే అవకాశం ఎప్పుడూ ఉంటుంది. అయితే ఇక్కడ ఆ కాకతాళీయం వెనుక కూడా ఒక్కోసారి కారణం దొరుకుతుంది. పాత బ్యాటరీ చనిపోయింది ఎందుకని విచారించకుండా కొత్తది బిగించి ఉంటే, అసలు రోగం ఆల్టర్నేటర్‌ది అయి ఉండవచ్చు. అది సరిగ్గా ఛార్జ్ చేయకపోవడం వల్ల పాత బ్యాటరీ దిగిపోయింది, కొత్తది కూడా కొద్దిరోజుల్లో దిగిపోతుంది, ఈలోగా వోల్టేజ్ తగ్గుతున్నకొద్దీ ఇంజెక్టర్లు తెరుచుకోవడానికి పట్టే సమయం పెరుగుతుంది. ఈసీయూ దానికి తగిన సవరణ చేస్తుంది గానీ, ఐడిల్‌లో ఇంజెక్టర్ తెరుచుకునే మొత్తం వ్యవధే మిల్లీసెకన్లలో ఉంటుంది కాబట్టి ఆ సవరణలో చిన్న తేడా కూడా ఇంజిన్ కొట్టుకోవడంగా తెలుస్తుంది.

అలాగే, దుకాణంలో నెలల తరబడి నిలిచి సగం దిగిపోయిన ‘కొత్త’ బ్యాటరీ బిగిస్తే, దాన్ని నింపడానికి ఆల్టర్నేటర్ అధిక కరెంటు ఇవ్వవలసి వస్తుంది. 14 వోల్టుల దగ్గర 50 ఆంపియర్లు అంటే 700 వాట్లు. ఆల్టర్నేటర్ సామర్థ్యం 60 శాతం అనుకుంటే ఇంజిన్ మీద పడే భారం 1150 వాట్లు దాటుతుంది, అంటే ఒకటిన్నర హార్స్‌పవర్. వేగంగా వెళ్లే కారుకు అది లెక్కలోది కాదు. తన్ను తాను తిప్పుకోవడానికి సరిపడా మాత్రమే శక్తి పుట్టించే ఐడిల్‌కు, అదీ సర్దుబాట్లు చెరిగిన స్థితిలో, అది తక్కువ బరువు కాదు. ఏసీ, హెడ్‌లైట్లు వేసినప్పుడు మాత్రమే ఇంజిన్ కుంగిపోతోందంటే ఈ భారాన్ని గుర్తు చేసుకోవాలి.

ఏది ముందు, ఏది తరువాత

పరీక్షలో ఖర్చు లేనిది ముందు రావాలి, విడిభాగం కొనడం చిట్టచివర రావాలి. విచిత్రమేమిటంటే ఆచరణలో తరచు దీనికి తలకిందులుగా జరుగుతుంది: ఐడిల్ వాల్వ్, తరువాత థ్రాటిల్ బాడీ, తరువాత స్పార్క్ ప్లగ్గులు మార్చాక, చివరికి క్లాంపు వదులుగా ఉన్నట్టు బయటపడుతుంది.

కాబట్టి మొదట ఇంజిన్ ఆపి టెర్మినళ్లు, ఎర్త్ బోల్టులు, ఎయిర్ ఫిల్టర్ పెట్టె, ఇన్‌టేక్ గొట్టం, చుట్టుపక్కల కనెక్టర్లు కంటితో చూసి, చేత్తో కదిపి చూడాలి. తరువాత మల్టీమీటర్. కొన్ని గంటలు ఆపి ఉంచిన కారులో, పూర్తిగా ఛార్జ్ అయిన బ్యాటరీ దాదాపు 12.6 వోల్టులు చూపాలి, 12.4 కంటే తక్కువ ఉంటే దాన్ని ముందు ఛార్జర్‌తో నింపడం మేలు. ఇంజిన్ నడుస్తున్నప్పుడు చాలా కార్లలో 13.5 నుంచి 14.7 వరకు కనిపించాలి. ఇంధనం ఆదా కోసం ఆల్టర్నేటర్‌ను ఈసీయూయే నియంత్రించే కార్లలో ఈ అంకె అప్పుడప్పుడు తగ్గి పెరుగుతుంది కాబట్టి ఒక్కసారి చూసి తీర్పు చెప్పకూడదు. ఇంజిన్ నడుస్తుండగా, లైట్లు వేసి, బ్యాటరీ నెగెటివ్ బుడిపెకూ ఇంజిన్ బ్లాకుకూ మధ్య వోల్టేజ్ కొలిస్తే అది 0.2 వోల్టుకు మించకూడదు. మించితే ఎర్త్ దారిలో ఎక్కడో నిరోధం ఉన్నట్టు.

ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ ఊడదీసి ‘ఆల్టర్నేటర్ పనిచేస్తోందో లేదో’ చూసే పాత పద్ధతి ఒకటి ఇంకా బతికే ఉంది. ఈసీయూ ఉన్న కార్లలో దాన్ని ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకూడదు. బ్యాటరీ అనే ఆసరా ఒక్కసారిగా తొలగినప్పుడు ఆల్టర్నేటర్ నుంచి పుట్టే వోల్టేజ్ పోటు ఎలక్ట్రానిక్ భాగాలను కాల్చగలదు.

తరువాతి మెట్టు, ఈసీయూలో నమోదైన లోపాల కోడ్లను, విలువలను చదివే స్కానర్. ఐడిల్‌కు సంబంధించిన కోడ్లు చాలా సూటిగా ఉంటాయి: పి0506 అంటే ఐడిల్ ఉండవలసినదాని కంటే తక్కువ, పి0507 అంటే ఎక్కువ, పి0505 అంటే ఐడిల్ నియంత్రణ వ్యవస్థలోనే లోపం. పి0171 వచ్చిందంటే మొదటి బ్యాంకులో (సిలిండర్ల మొదటి వరుసలో) మిశ్రమం పలచగా ఉంది. పి0300 అంటే ఫలానా ఒక సిలిండర్ అని కాకుండా పలుచోట్ల మిస్‌ఫైర్. పి0562 అంటే వ్యవస్థ వోల్టేజ్ తక్కువ. బ్యాటరీ తీసినప్పుడు అనేక కార్లలో పాత కోడ్లు కూడా చెరిగిపోతాయని గుర్తుంచుకోవాలి. కోడ్ లేకపోవడం ఆరోగ్యానికి సాక్ష్యం కాదు, ఈసీయూ ఇంకా పరీక్ష పూర్తి చేయలేదని మాత్రమే అర్థం కావచ్చు.

కోడ్ల కంటే ఫ్యూయల్ ట్రిమ్ ఎక్కువ మాట్లాడుతుంది. వేడెక్కిన ఇంజిన్‌లో షార్ట్, లాంగ్ టర్మ్ విలువలు కలిపి చూస్తే ప్లస్ 10, మైనస్ 10 శాతాల లోపల ఉండటం సాధారణం. ఐడిల్‌లో ప్లస్ 20 చూపి, 2500 ఆర్‌పీఎంకు పెంచగానే అది దాదాపు సున్నాకు దిగితే, థ్రాటిల్ తరువాతి భాగంలో ఎక్కడో గాలి దూరుతోందని గట్టిగా చెప్పవచ్చు; దూరే గాలి పరిమాణం అంతే ఉన్నా, మొత్తం గాలి పెరిగినకొద్దీ దాని వాటా తగ్గిపోతుంది కాబట్టి ఇలా జరుగుతుంది. దీనికి తారుమారుగా, ఐడిల్‌లో బాగానే ఉండి వేగం పెంచినకొద్దీ ట్రిమ్ పెరిగితే ఇంధన పంపునో, ఫిల్టర్‌నో, మురికిపట్టిన ఎయిర్‌ఫ్లో సెన్సర్‌నో అనుమానించాలి. ట్రిమ్ రెండు చోట్లా మామూలుగా ఉండి ఐడిల్ మాత్రం పడిపోతుంటే, అప్పుడే చూపు థ్రాటిల్ మురికి మీదికీ, చెరిగిన ఐడిల్ సర్దుబాటు మీదికీ తిప్పాలి.

తిరిగి నేర్పడం

కొన్ని కార్లకు ప్రత్యేక ప్రక్రియ ఏదీ అవసరం ఉండదు. ఏసీ, లైట్లు ఆపి, స్టార్ట్ చేసి, రేస్ ఇవ్వకుండా వేడెక్కేదాకా ఐడిల్‌లో వదిలి, ఆపైన కొన్ని రోజులు రకరకాల వేగాల్లో నడిపితే ఈసీయూ తనంతట తానే మళ్లీ నేర్చుకుంటుంది. ఇంజిన్ ఆగిపోతుందేమోనన్న భయంతో ప్రతి సిగ్నల్ దగ్గరా యాక్సిలరేటర్ నొక్కి పట్టుకునేవారు తెలియకుండానే ఈ చదువుకు అడ్డుపడుతుంటారు. పెడల్ పూర్తిగా వదిలి ఉన్నప్పుడు మాత్రమే ఈసీయూ దాన్ని ఐడిల్‌గా గుర్తించి పాఠం మొదలుపెడుతుంది.

మరికొన్ని కంపెనీల కార్లకు నిర్దిష్టమైన ప్రక్రియ ఉంది. హోండా ఇంజిన్లలో విస్తృతంగా పాటించేది ఇది: విద్యుత్ పరికరాలన్నీ ఆపి, గేరు లేకుండా, రేడియేటర్ ఫ్యాన్ తిరిగేదాకా లేదా కూలంట్ 90 డిగ్రీలకు చేరేదాకా 3000 ఆర్‌పీఎం వద్ద ఉంచి, ఆ తరువాత పెడల్ పూర్తిగా వదిలేసి సుమారు ఐదు నిమిషాలు ఐడిల్‌లో నడవనివ్వాలి. మధ్యలో ఫ్యాన్ తిరిగితే ఆ సమయాన్ని ఐదు నిమిషాల్లో లెక్కించకూడదు.

నిస్సాన్ పద్ధతి దీనికంటే కఠినమైనది, ఓపికకు పరీక్ష పెట్టేది కూడా. ఇంజిన్ 70 డిగ్రీలకు పైగా వేడెక్కి ఉండాలి, ఐడిల్‌లో బ్యాటరీ వోల్టేజ్ 12.9కి మించి ఉండాలి, స్టీరింగ్ నిటారుగా ఉండాలి, ఏసీ, హెడ్‌లైట్లు ఆపి ఉండాలి. పెడల్ వదిలిన స్థానాన్నీ, థ్రాటిల్ పలక మూసుకున్న స్థానాన్నీ తాళం ఆన్ ఆఫ్ చేయడం ద్వారా ముందు నేర్పించి, తరువాత ఐడిల్ గాలి పరిమాణాన్ని నేర్పాలి. ఈ చివరి దశ స్కానర్‌తో సులువు. స్కానర్ లేని పక్షంలో తాళం ఆన్ చేసి మూడు సెకన్లు ఆగి, ఐదు సెకన్లలో ఐదుసార్లు పెడల్‌ను పూర్తిగా నొక్కి వదిలి, ఏడు సెకన్లు ఆగి, మళ్లీ పూర్తిగా నొక్కి దాదాపు ఇరవై సెకన్లు పట్టుకోవాలి. ఇంజిన్ చెక్ దీపం మినుకుమనడం ఆగి నిలకడగా వెలిగిన మూడు సెకన్లలోపు పెడల్ వదిలి, ఇంజిన్ స్టార్ట్ చేయాలి. ఈ లెక్కలో ఒక సెకను అటూ ఇటూ అయినా ప్రక్రియ విఫలం కావచ్చు కాబట్టి మొదటిసారే కుదరకపోతే కారులో మరో లోపం ఉందని అనుకోనక్కరలేదు. మోడల్‌ను బట్టి కొద్ది మార్పులు ఉంటాయి గనుక ఏ కారుకైనా దాని సర్వీస్ మాన్యువల్‌దే తుది మాట.

నేర్పడానికి ముందే థ్రాటిల్‌ను శుభ్రం చేయాలన్నది ఇక్కడ నొక్కి చెప్పవలసిన విషయం. మురికిగా ఉండగా నేర్పితే ఈసీయూ ఆ మురికికి తగ్గ విలువనే నేర్చుకుంటుంది, లేదా దాని పరిమితి దాటిపోయి అసలు నేర్చుకోదు. ఇంతకన్నా ఎక్కువగా జరిగే పొరపాటు, జ్ఞాపకం పదిలంగా ఉన్న కారులో థ్రాటిల్ కడిగి, తిరిగి నేర్పకుండా వదిలేయడం. మురికి కోసం ఎక్కువ తెరిచే అలవాటు ఈసీయూలో అలాగే ఉండి, దారి మాత్రం శుభ్రపడుతుంది. ఫలితం 1500 ఆర్‌పీఎం, పి0507 కోడ్. శుభ్రం చేసేటప్పుడు థ్రాటిల్ బాడీకి ఉద్దేశించిన క్లీనర్‌నే మెత్తటి గుడ్డ మీద చల్లి తుడవాలి. తాళం ఆన్‌లో ఉండగా ఎలక్ట్రానిక్ థ్రాటిల్ పలకను వేలితో నెట్టకూడదు. లోపలి గేర్లు దెబ్బతినవచ్చు, పలక ఒక్కసారిగా మూసుకుంటే వేలికీ గాయమవుతుంది. ఎయిర్‌ఫ్లో సెన్సర్‌కు దాని క్లీనర్ వేరు, థ్రాటిల్ క్లీనర్ దాని మీద వాడకూడదు.

ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఉన్న కార్లలో గేరు మార్పిడికి సంబంధించిన సర్దుబాట్లు కూడా చెరగవచ్చు. డీ లోకి వేసినప్పుడు వచ్చే కుదుపును ఐడిల్ లోపంగా పొరబడకుండా, న్యూట్రల్‌లో ఇంజిన్ ఎలా ఉందో విడిగా చూడాలి. స్టార్ట్-స్టాప్ (కారు నిలిచినప్పుడు ఇంజిన్ తనంతట తానే ఆగి మళ్లీ స్టార్ట్ అయ్యే ఏర్పాటు) ఉన్న కార్లలో సాధారణంగా నెగెటివ్ టెర్మినల్ మీదే బ్యాటరీ సెన్సర్ ఉంటుంది. ఇలాంటి కార్ల కోసం చేసిన ఏజీఎం లేదా ఈఎఫ్‌బీ రకం బ్యాటరీ ఉండవలసిన చోట మామూలు బ్యాటరీ పెట్టడం, లేదా బీఎండబ్ల్యూ వంటి కార్లలో కొత్త బ్యాటరీని స్కానర్‌తో నమోదు చేయకపోవడం ఛార్జింగ్ తీరును దెబ్బతీస్తుంది గానీ, ఐడిల్ తడబాటుకు అది నేరుగా కారణం కావడం అరుదు.

ఎన్నాళ్లు ఆగాలన్న ప్రశ్నకు లక్షణాలు మారే తీరే జవాబు చెబుతుంది. రోజురోజుకూ తగ్గుతూ వచ్చే తడబాటు, ఈసీయూ నేర్చుకుంటోందనడానికి గుర్తు. దాన్ని కదపకుండా వదలడమే మంచిది. మొదటి రోజు ఎలా ఉందో వారం తరువాతా అలాగే ఉంటే నేర్పే ప్రక్రియ చేయలేదనో, థ్రాటిల్ మురికి పరిమితి దాటిందనో, గాలి లీకు ఉందనో అర్థం. ఒకరోజు బాగుండి మర్నాడు మళ్లీ మొదటికి వస్తూ, దానితోపాటు గడియారమూ రేడియో స్టేషన్లూ చెరిగిపోతుంటే ఇంజిన్ జోలికి పోనక్కరలేదు; పది మిల్లీమీటర్ల స్పానర్ తీసుకుని ముందు క్లాంపు బిగించి చూడాలి.